పాత సైకిలుకు సరిపోయే సామాను



మీకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. బస్సు బోర్డు చదువుతున్నారు. రేషను కార్డులో పేరు చూసుకుంటున్నారు. ఈ పాఠంలో మనం ఇంకో వస్తువును చదువుదాం. అది పుస్తకం కాదు. మన ఇంటి గోడకు ఆనించి ఉన్న పాత సైకిలు.

సైకిలు మీద చదవడానికి ఏముంటుంది అనుకుంటున్నారా? చాలా ఉంటుంది. టైరు మీద అంకెలు ఉంటాయి. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ల ఉంటుంది. పళ్ల చక్రానికి పళ్లు ఉంటాయి, లెక్కపెట్టుకోవచ్చు. ఇవి చదవడం వస్తే పాత సైకిలుకు సరైన సామాను దొరుకుతుంది. రాకపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి మనిషి కూడా పడిపోతుంది.

మన భోగాపురం మండలంలో ముక్కాం, చేపలకంచేరు లాంటి సముద్రపు ఊళ్లు ఉన్నాయి. చేపల గంపకు పొద్దెక్కితే ధర తగ్గిపోతుంది. కూలికి వెళ్లే మనిషికి పొద్దెక్కితే పని దొరకదు. దారిలో సైకిలు ఆగిపోతే ఆ రోజు సంపాదన ఆగిపోయినట్టే. అందుకే ఈ పాఠం.

సైకిలూ చదువూ

1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అంటే జ్ఞానపు వెలుగు ఉద్యమం. అప్పుడు ఆ జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ. చదువుతో పాటు ఆడవాళ్లు సైకిలు కూడా నేర్చుకోవాలని ఆవిడ అన్నారు. పొలం కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, పూలు అమ్మేవాళ్లు నేర్చుకున్నారు. లక్ష మందికి పైగా ఆడవాళ్లు సైకిలు తొక్కారు.

అక్కడ ఒక విచిత్రం జరిగింది. చాలామంది ఆడవాళ్లు మగవాళ్ల సైకిలే బాగుందన్నారు. ఎందుకో తెలుసా? దానికి ముందు అడ్డబద్ద ఉంటుంది. ఆ బద్ద మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. వెనక సామాను పెట్టుకోవచ్చు. కాబట్టి ఇంట్లో తాతగారి సైకిలు ఉంటే, అది మగవాళ్ల సైకిలని వదిలేయకండి.

ఈ సైకిళ్లు ఎక్కడివి?

రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండి, చైనుతో నడిచే సైకిలు 1885లో ఇంగ్లండులో పేరు తెచ్చుకుంది. గాలి నింపిన టైరు 1888లో డన్లప్ అనే ఆయన చేశాడు. ఇంగ్లండు కంపెనీల సైకిళ్లు మన దేశానికి ఓడల్లో వచ్చేవి. రాలీ, హంబర్, రడ్జి, హెర్క్యులిస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ అప్పటి పేర్లే.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలోనే ఫ్యాక్టరీలు పెట్టారు. బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర సేన్ రాలీ వచ్చింది. మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్ మొదలైంది. హర్యానాలోని సోనీపట్‌లో 1951లో అట్లాస్ వచ్చింది. పంజాబులోని లూధియానాలో 1956లో హీరో సైకిళ్లు మొదలయ్యాయి.

వీళ్లందరూ ఇంగ్లీషు సైకిలు నమూనానే పట్టుకున్నారు. అందువల్ల మనకు ఒక మేలు జరిగింది. ఒక కంపెనీ టైరు ఇంకో కంపెనీ సైకిలుకు పట్టింది. ఒక ఊరి చైను ఇంకో ఊరి సైకిలుకు పనికొచ్చింది. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆపేశారు. ఆ రోజు ప్రపంచ సైకిలు దినం. కానీ అట్లాస్ సైకిలు ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు. దానికి పట్టే సామాను ఇంకా దొరుకుతోంది. కంపెనీ మూతపడితే సైకిలు చచ్చిపోదు. కొలత తెలియకపోతేనే చచ్చిపోతుంది.

ముందు పేరు చదవండి

హ్యాండిలు కింద నిలువు గొట్టం ఉంటుంది. దాని మీద బిళ్ల చూడండి. గుడ్డతో తుడవండి. పేరు కనబడితే కాగితం మీద రాసుకోండి.

బిళ్ల ఊడిపోయిందా? అప్పుడు పెడలు దగ్గరి పెద్ద పళ్ల చక్రం చూడండి. పాత రాలీ సైకిలు గుర్తు కొంగ తల. పాత రడ్జి సైకిలు పళ్ల చక్రంలో అరచెయ్యి ఆకారం ఉంటుంది. బీఎస్‌ఏ గుర్తు మూడు తుపాకులు. ఆ కంపెనీ మొదట్లో తుపాకులు చేసేది.

అయితే ఒక మాట. పళ్ల చక్రం ఎవరైనా ముందే మార్చి ఉండవచ్చు. అందుకని పేరు ఒక్కటే చాలదు. పేరు తర్వాత కొలత కావాలి.

టైరు మీద అంకెలు

టైరు పక్కన వేలితో తడమండి. ఉబ్బెత్తు అంకెలు తగులుతాయి. ఇలా ఉంటాయి:

28 × 1½

28 అంటే చక్రం ఎత్తు, అంగుళాల్లో. 1½ అంటే టైరు లావు. ఒకటిన్నర అంగుళం. పెద్ద పాత సైకిళ్లకు ఎక్కువగా ఇదే ఉంటుంది.

చిన్న సైకిళ్లకూ ఆడవాళ్ల సైకిళ్లకూ చాలావాటికి ఇలా ఉంటుంది:

26 × 1⅜

⅜ అంటే ఏమిటి? ఒక అంగుళాన్ని 8 ముక్కలు చేయండి. అందులో 3 ముక్కలు తీసుకోండి. అదే ⅜. సగం అంటే 8లో 4 ముక్కలు. కాబట్టి 1⅜ కంటే 1½ ఒక ముక్క ఎక్కువ.

ఇప్పుడు ఇద్దరు అక్కాచెల్లెళ్ల మాటలు చదవండి.

చెల్లి: ఏటప్పా, సైకిలెక్కకుండా తోసుకొస్తన్నావు?

అప్ప: టైరు పోనాదే. కొత్తది కొన్నాను. రిమ్ముకి ఎక్కనేదు. ఇద్దరు మగోళ్లు పట్టి లాగినా ఎక్కనేదు.

చెల్లి: ఏటని అడిగావు కొట్లో?

అప్ప: ఇరవయ్యారు అన్నాను. ఇరవయ్యారే ఇచ్చినారు. ఇదిగో, రాసుంది కదా!

చెల్లి: ఏదీ, చూడనీ. 26 ఉంది, నిజమే. పక్కన చూడు. 2.125 అని ఉంది. ఇది లావు టైరు సైకిలుది. మన పాత టైరు మీద ఏటుంది?

అప్ప: 26... తర్వాత ఒకటి... మూడు బై ఎనిమిది.

చెల్లి: అదీ సంగతి. ఇరవయ్యారులు రెండు రకాలప్పా. ముందు అంకె ఒకటే. లోపలి గుండ్రం వేరు.

అప్ప: ఓలమ్మా! అయితే పూర్తిగా చదవాలన్నమాట.

చెల్లి: ఇంకా వాడనేదు కదా. బురద తుడిచి పట్టుకెళ్లు. పాత టైరు కూడా తీసుకెళ్లు. మార్చి ఇమ్మని అడుగుదాం.

చెల్లి చెప్పింది నిజమే. చాలా కొత్త టైర్ల మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. రెండు అంకెల మధ్య చిన్న గీత ఉంటుంది. ఆ గీత తర్వాత ఉన్న మూడు అంకెలే ముఖ్యం. అవి టైరు రిమ్ము మీద కూర్చునే చోటు కొలత. మిల్లీమీటర్లలో ఉంటుంది.

28 × 1½ టైరుకు ఆ అంకె 635.
26 × 1⅜ టైరుకు 590.
26 × 2.125 టైరుకు 559.
కొత్త రకం సన్న టైరు సైకిళ్లకు 622. వీటిని కూడా కొందరు 28 అనే అంటారు.

635కి 635 కావాలి. 590కి 590 కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా కొనకండి. 559 టైరు 590 రిమ్ముకు ఎక్కదు. తేడా 31 మిల్లీమీటర్లు. అంటే ఒక అంగుళం కంటే ఎక్కువే. 635 టైరు 622 రిమ్ముకు ఎక్కేస్తుంది, కానీ వదులుగా ఉంటుంది. గాలి కొట్టాక జారి బయటికి వచ్చేస్తుంది. అది ఇంకా ప్రమాదం.

ట్యూబు కొనేటప్పుడు కూడా టైరు అంకె చెప్పండి. కొత్త ట్యూబు కొనే ముందు వాల్వు చూడండి. పాత సైకిళ్ల వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది చిరిగినా గాలి పోతుంది. వాల్వు మీద నీళ్లు వేయండి. బుడగలు వస్తే తప్పు రబ్బరుది, ట్యూబుది కాదు. ఆ రబ్బరు చాలా తక్కువ ధరకు దొరుకుతుంది.

ఊచలు లెక్కపెట్టండి

చక్రానికి ఊచలు ఉంటాయి. స్పోకులు అని కూడా అంటాం. పెద్ద పాత సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రానికి 32 ఊచలు, వెనక చక్రానికి 40 ఊచలు ఉంటాయి. బరువంతా వెనక పడుతుంది కదా, అందుకని వెనక ఎక్కువ. కొన్ని సైకిళ్లకు రెండు చక్రాలకూ 36 చొప్పున ఉంటాయి.

రిమ్ము మార్చాలంటే ముందు ఊచలు లెక్కపెట్టండి. నడిమి హబ్బుకు 40 బొక్కలు ఉంటే రిమ్ముకూ 40 బొక్కలే ఉండాలి. 36 బొక్కల రిమ్ము పనికిరాదు. గాలి కొట్టే మూత దగ్గర నుంచి మొదలుపెట్టి లెక్కించండి. మళ్లీ అక్కడికి వచ్చి ఆగండి. అప్పుడు లెక్క తప్పదు.

ఒక ఊచ విరిగితే దాన్నే పట్టుకెళ్లండి. కొత్త ఊచను పక్కన పెట్టి చూడండి. పొడవు సమానంగా ఉండాలి. లావూ సమానంగా ఉండాలి.

రిమ్ము ఆకారం కూడా చూడండి. పాత సైకిళ్లకు ఇనప కడ్డీల బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి వైపు, అంటే ఊచల వైపు నుంచి పట్టుకుంటుంది. కొత్త సైకిళ్లకు తీగ బ్రేకు ఉంటుంది. దాని రబ్బరు రిమ్మును పక్కల నుంచి పట్టుకుంటుంది. కడ్డీ బ్రేకు సైకిలుకు కడ్డీ బ్రేకు రిమ్మే కొనాలి. లేకపోతే చక్రం కొత్తదవుతుంది, బ్రేకు మాత్రం పడదు. మన ఊరి పక్కన 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఆ రోడ్డు దాటేటప్పుడు బ్రేకు పడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చైను కొలవడం

చైను వదులైందని ఎలా తెలుస్తుంది? పిల్లల స్కేలు తీసుకోండి. అది 12 అంగుళాలు ఉంటుంది. చైనులో ఒక పిన్ను నడిమధ్య సున్నా పెట్టండి. చైను లాగి పట్టుకోండి. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం. అలా 24 లెక్కపెడితే 12 అంగుళాలు అవుతుంది.

కొత్త చైనులో 12 గీత మీద సరిగ్గా ఒక పిన్ను ఉంటుంది. పాత చైనులో ఆ పిన్ను 12 దాటి ముందుకు పోతుంది. అంగుళంలో 16వ వంతు దాటితే చైను మార్చే సమయం వచ్చింది. అంగుళంలో 8వ వంతు దాటితే పళ్లు కూడా అరిగి ఉంటాయి. పళ్లు గేదె కొమ్ముల్లా వంగాయేమో చూడండి. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే జారుతుంది. తొక్కుతుంటే ఒక్కసారి పెడలు ఖాళీగా తిరిగిపోతుంది. అప్పుడు మనిషి ముందుకు పడుతుంది.

చైను కొనేటప్పుడు గేరు లేని సైకిలు చైను అని చెప్పండి. దాని లోపలి వెడల్పు అంగుళంలో 8వ వంతు. గేర్ల సైకిలు చైను ఇంకా సన్నం. అది మన పాత సైకిలు లావు పళ్ల మీద కూర్చోదు.

చైను పొడవు కూడా చూడాలి. పాత చైనునూ కొత్త చైనునూ పక్కపక్కన పరచండి. పాత చైను సాగి ఉంటుంది కాబట్టి పొడవు చూసి మోసపోకండి. పిన్నులు లెక్కపెట్టండి. రెండింటికీ పిన్నులు సమానంగా ఉండాలి.

పళ్ల లెక్క

ముందు పెద్ద చక్రానికి 44 పళ్లు ఉన్నాయనుకోండి. వెనక ఫ్రీవీలుకు 22 పళ్లు ఉన్నాయనుకోండి. 44ని 22తో భాగిస్తే 2. అంటే పెడలు ఒకసారి తిప్పితే వెనక చక్రం రెండుసార్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒకసారి తిరిగితే దాదాపు రెండుంబావు మీటర్లు నడుస్తుంది. రెండుసార్లు తిరిగితే దాదాపు నాలుగున్నర మీటర్లు.

అదే వెనక 18 పళ్లు ఉంటే, ఒక తొక్కుడుకు దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. కానీ కాలికి బరువు. సముద్రపు గాలి ఎదురు కొట్టేటప్పుడు, వెనక గంప ఉన్నప్పుడు 22 పళ్లే సుఖం. ఖాళీగా పోయేటప్పుడు 18 పళ్లు వేగం. మీ పనికి ఏది కావాలో మీరే చెప్పండి. కొట్టువాళ్లు చేతికి దొరికింది వేసేస్తారు. పళ్లు ఎక్కువైతే చైను కూడా పొడవు కావాలి. అది మర్చిపోకండి.

చీర కట్టుకుని తొక్కేవాళ్లకు చైను కవరు తప్పనిసరి. 44 పళ్ల చక్రానికి చేసిన కవరు 48 పళ్ల చక్రానికి రాసుకుంటుంది. అందుకని కవరు కొనేటప్పుడు కూడా పళ్ల లెక్క చెప్పండి.

టకటక చప్పుడు

తొక్కుతుంటే పెడలు దగ్గర టకటక అంటోందా? కాటరు పిన్ను చూడండి. పెడలును పట్టుకునే ఇనప చెయ్యి ఉంటుంది. దాన్ని క్రాంకు అంటారు. క్రాంకును నడిమి ఇరుసుకు బిగించే చిన్న మేకు లాంటిదే కాటరు పిన్ను. దానికి ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది.

ఇంగ్లీషు పద్ధతి కాటరు పిన్ను లావు 9.5 మిల్లీమీటర్లు. 9 మిల్లీమీటర్ల పిన్నులు కూడా ఉన్నాయి. తేడా అర మిల్లీమీటరే. గోరు మందం అంత. కానీ ఆ తేడాతోనే పిన్ను వదులవుతుంది. కొందరు సందులో రేకు ముక్క పెట్టి బిగిస్తారు. అది నాలుగు రోజులు నిలుస్తుంది. తర్వాత బొక్క పెద్దదై క్రాంకు పాడవుతుంది. పిన్ను పోతే పిన్ను ఖర్చే. క్రాంకు పోతే ఖర్చు చాలా ఎక్కువ.

రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. ఒక పక్క నట్టు పైకి ఉంటే రెండో పక్క నట్టు కిందికి ఉండాలి. రెండూ ఒకే దిక్కుకు పెడితే పెడళ్లు వరసలో ఉండవు. బిగించాక దూరంగా నిలబడి చూడండి. ఒక క్రాంకు నిట్టనిలువుగా పైకి ఉంటే, రెండోది నిట్టనిలువుగా కిందికి ఉండాలి.

బాల్సు

ఇరుసు తిరగడానికి గిన్నెల్లో ఇనప గుండ్లు ఉంటాయి. వాటిని బాల్సు అంటాం. పెడళ్ల దగ్గర బాల్సు పావు అంగుళం లావు. ఒక్కో పక్క 11 ఉంటాయి. ముందు చక్రం హబ్బులో సాధారణంగా ఇంకా చిన్నవి ఉంటాయి. అవి అంగుళంలో 16 ముక్కలకు 3 ముక్కలు. పావు అంటే 16లో 4 ముక్కలు. కాబట్టి తేడా ఒక్క ముక్కే. కంటికి సరిగా ఆనదు. అందుకే పాత బాల్సు రెండు మూటకట్టి పట్టుకెళ్లండి. కొత్తవాటి పక్కన పెట్టి దొర్లించి చూడండి. అరగని పాత బాల్సు తీసుకెళ్లడం మంచిది.

ఒక బాల్ పగిలితే ఆ గిన్నెలోవన్నీ మార్చాలి. కొత్తదీ పాతదీ కలిపితే కొత్తది ఒక్కటే బరువు మోస్తుంది. అదీ పగులుతుంది. గిన్నె నిండా కూరకూడదు. ఒక బాల్ పట్టేంత సందు మిగలాలి. గ్రీజు పెట్టాలి.

మర చుట్లు

నట్టుకూ బోల్టుకూ మర ఉంటుంది. మర అంటే చుట్లు చుట్లుగా ఉండే గాడి. ముంజేతికి గాజులు వేసుకున్నట్టు ఉంటుంది. ఒక అంగుళంలో 24 గాజులు పట్టే చోట 26 గాజులు పెట్టాలంటే సన్న గాజులు కావాలి కదా. మర కూడా అంతే.

చాలా సైకిళ్లలో పెడళ్ల దగ్గరి గిన్నెలకు అంగుళానికి 24 చుట్ల మర ఉంటుంది. ఆ గిన్నెలను కొట్లో బీబీ కప్పులు అంటారు. ఇంగ్లండులో చేసిన పాత రాలీ సైకిళ్లకు మాత్రం 26 చుట్ల మర ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. 24 చుట్ల కప్పును 26 చుట్ల ఫ్రేములో బలవంతంగా బిగిస్తే ఫ్రేము మర చెరిగిపోతుంది. ఫ్రేము పోతే సైకిలే పోయినట్టు.

మరి పాత రాలీ ఉన్నవాళ్లు ఏం చేయాలి? కప్పు బాగుంటే తీయకండి. శుభ్రం చేసి బాల్సు మాత్రం మార్చండి. కప్పు లోపల గుంటలు పడితే, పాత సామాన్లు అమ్మే చోట పాత రాలీ కప్పే వెతకండి. తీసిన పాత కప్పును పారేయకండి. అదే మీ కొలత.

ఏ నట్టయినా ముందు వేళ్లతో తిప్పండి. వేళ్లతో రెండు మూడు చుట్లు హాయిగా తిరగాలి. తిరగకపోతే పానా తీయకండి. మర కలవలేదని అర్థం.

ఇంకో సంగతి. ఎడమ పక్క పెడలుకు ఎదురు మర ఉంటుంది. మామూలుగా కుడికి తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడలు ఎడమకు తిప్పితే బిగుస్తుంది. అందుకని కుడి పెడలు తెచ్చి ఎడమ పక్క వేయలేం. పెడలు ఇరుసు చివర ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎల్ అక్షరం ఉంటే ఎడమ. ఆర్ అక్షరం ఉంటే కుడి.

ఉప్పు గాలి

సముద్రం పక్క ఊళ్లలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. చేపల నీళ్లు కారినా తుప్పే. సాయంత్రం ఇంటికి వచ్చాక మంచినీళ్ల తడిగుడ్డతో తుడవండి. తర్వాత పొడిగుడ్డతో తుడవండి. వారానికి ఒకసారి చైనుకు మెషిన్ ఆయిలు చుక్కలు వేయండి. కిరసనాయిలు మురికి కడగడానికే. అది ఆరిపోయాక నూనె వేయాలి. కొబ్బరినూనె వేయకండి. అది చలికి గడ్డకడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. రిమ్ముకు, బ్రేకు రబ్బరుకు నూనె తగలనివ్వకండి. తగిలితే బ్రేకు జారుతుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు ఆరు మాటలు

1. పాత సామాను తుడిచి చేతిలో పట్టుకెళ్లండి. నోటిమాటతో కొనకండి.
2. సైకిలు కొలతల కాగితం తీసుకెళ్లండి.
3. టైరు మీద అంకెలు మొత్తం మీరే చదవండి. మొదటి అంకె చూసి ఆగకండి.
4. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.
5. “పట్టకపోతే మార్చి ఇస్తావా నాయనా?” అని ముందే అడగండి. రసీదు తీసుకోండి.
6. బిగించాక అక్కడే పది అడుగులు తొక్కి చూడండి. రెండు బ్రేకులూ పట్టి చూడండి.

మంచి మెకానిక్కు మీరు అడిగితే విసుక్కోడు. కొలత చెప్పి అడిగిన మనిషికి అతని పనీ తేలికవుతుంది.

నా సైకిలు కాగితం

ఈ వరసలు మీ నోటుబుక్కులో రాసుకోండి. ఖాళీలు మీరే నింపండి. సైకిలు సంచిలో ఒక కాగితం, ఇంట్లో ఒక కాగితం ఉంచండి.

సైకిలు పేరు: ____________
టైరు అంకె: ______ × ______
గీత తర్వాతి మూడు అంకెలు: ______
ముందు చక్రం ఊచలు: ______
వెనక చక్రం ఊచలు: ______
పెద్ద చక్రం పళ్లు: ______
ఫ్రీవీలు పళ్లు: ______
చైను పిన్నులు: ______
బ్రేకు (కడ్డీ / తీగ): ______
చైను మార్చిన తేదీ: ______

చదివి చెప్పండి

1. అప్ప కొన్న టైరు ఎందుకు ఎక్కలేదు?
2. బ్రేకు పడాలంటే రిమ్ము కొనేటప్పుడు ఏం చూడాలి?
3. నట్టును ముందు వేళ్లతో ఎందుకు తిప్పాలి?
4. పాత రాలీ సైకిలు కప్పును ఎందుకు పారేయకూడదు?

లెక్క చేయండి

1. ముందు చక్రానికి 32 ఊచలు, వెనక చక్రానికి 40 ఊచలు. మొత్తం ఎన్ని?
2. ఒక తొక్కుడుకు నాలుగున్నర మీటర్లు. 9 మీటర్లు పోవాలంటే పెడలు ఎన్నిసార్లు తిప్పాలి?
3. టైరు ధర 300 రూపాయలు అనుకుందాం. తప్పు టైరు కొని, అది మార్చి ఇవ్వకపోతే మళ్లీ ఇంకోటి కొన్నారు. మొత్తం ఎంత ఖర్చు? అందులో వృథా ఎంత?

ఖాళీ పూరించండి

1. 26 × 1⅜ టైరుకు గీత తర్వాతి అంకె ________.
2. ఎడమ పెడలుకు ________ మర ఉంటుంది.
3. 12 అంగుళాల్లో చైను అర అంగుళాలు ________ ఉంటాయి.

అందరూ కలిసి మాట్లాడండి

మీ వీధిలో మూలన పడి ఉన్న పాత సైకిళ్లు ఎన్ని? వాటిలో ఒక్క సామాను కోసం ఆగిపోయినవి ఎన్ని? వచ్చే ఆదివారం నలుగురు కలిసి ఒక సైకిలు దగ్గర కూర్చోండి. ఒకరు చదవండి. ఒకరు కొలవండి. ఒకరు లెక్కపెట్టండి. ఒకరు రాయండి. కాగితం నింపిన తర్వాతే కొట్టుకు వెళ్లండి.